పూడ్చిన గని నేల మీద స్థానిక పొదలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తవ్వకం అయిపోయింది. గుంత పూడ్చారు, తవ్వి పోసిన రాతి దిబ్బల వాలు తగ్గించారు, పైన మట్టి పరిచారు. ఇక ఆ నేల మీద మళ్లీ పొదలు రావాలి, వాటి వెంట పిట్టలు, పురుగులు, నీడ రావాలి. ఈ పనిలో ఉన్నవాళ్లూ, కొత్తగా దిగబోతున్నవాళ్లూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ పెట్టాను. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. నేల గురించి, పైమట్టి గురించి అడిగిన వాటికి మాత్రం అలా కుదరదు, వాటిని ఓపిగ్గా చదవండి. మొక్క బతుకుతుందో లేదో చాలావరకు నాటకముందే తేలిపోతుంది.

పూడ్చిన గని నేలకీ మామూలు బీడుకీ తేడా ఏముంది?

బీడు ఎంత ఎండిపోయినా దాని అడుగున పాత వేర్లు పోయిన దారులు ఉంటాయి. వానపాములు తొలిచిన సందులు, నిద్రపోతున్న గింజలు, కంటికి కనపడని శిలీంధ్రాల దారాలు ఉంటాయి. ఒక్క మంచి వాన పడితే చాలు, లేచి కూర్చుంటుంది.

పూడ్చిన నేలలో ఇవేవీ ఉండవు. యుగాల తరబడి గాలి, వెలుతురు తగలని రాయి పగిలి పైకి వచ్చింది. దాని మీద భారీ డంపర్లు, డోజర్లు తిరిగాయి. సేంద్రియ పదార్థం దాదాపు సున్నా. రంగు నల్లగా ఉంటే మరీ కష్టం: నల్లటి షేల్ రాయి, బొగ్గు తునకలు ఉన్న దిబ్బ మీద ఎండాకాలం మధ్యాహ్నం ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. అప్పుడే మొలిచిన లేత కాండం నేలను తాకే చోట కమిలిపోతుంది. పైనుంచి చూస్తే నీళ్లు లేక చచ్చినట్టే ఉంటుంది. అసలు కారణం వేడి.

పొదలే ఎందుకు? చెట్లు నాటితే సరిపోదా?

చెట్లు కూడా కావాలి, అయితే వానలు తక్కువ పడేచోట పొదలు లేకుండా చెట్లు నిలబడటం చాలా కష్టం. పొద నేలకు దగ్గరగా గుబురుగా ఉంటుంది కాబట్టి గాలికి కొట్టుకొచ్చే ఆకు, దుమ్ము, గింజ దాని మొదట్లో ఆగుతాయి. పిట్ట వచ్చి వాలుతుంది, రెట్ట వేస్తుంది, అందులో ఇంకో మొక్క గింజ ఉంటుంది. కొన్నేళ్లకు ఆ పొద కింద మట్టి చుట్టుపక్కల మట్టి కంటే మెత్తగా, చల్లగా, సారంగా తయారవుతుంది. ఎడారి నేలల్లో పొద చుట్టూ ఏర్పడే ఇలాంటి సారవంతమైన మచ్చలను శాస్త్రవేత్తలు బాగా పరిశీలించారు. చెట్టు మొలక కూడా ఆ నీడలోనే ముందు తల ఎత్తుతుంది.

స్థానిక మొక్క అంటే ఎంత దగ్గరది?

జాతి పేరు ఒకటైతే చాలదు. ఒకే జాతి పొద చల్లటి ఎత్తు నేలలో ఒక రకంగా, వేడి మైదానంలో ఇంకో రకంగా అలవాటు పడి ఉంటుంది. గింజ తెచ్చే చోటు, నాటే చోటు రెండింటి వానలు, చలి, ఎత్తు, మట్టి దగ్గరదగ్గరగా ఉండాలి. కిలోమీటర్ల లెక్క ఆ తర్వాతే.

ఇంకో మాట. తవ్వకముందు అక్కడ ఏ పొదలు ఉండేవో ఆ జాబితానే గుడ్డిగా పట్టుకోకండి. ఆ మట్టి ఇప్పుడు లేదు. ఇప్పుడు ఉన్నది రాతి గుల్ల నేల అయితే, దగ్గర్లో సహజంగానే రాతి గుల్లగా ఉన్న గుట్ట వాలుకు వెళ్లి చూడండి. ఉప్పు తేలిన నేల అయితే, చుట్టుపక్కల చౌడు నేలలో తనంతట తానే బతుకుతున్న పొద ఏదో చూడండి. మీ నేలకు అసలైన సలహాదారు ఆ మొక్కే.

త్వరగా పెరిగే బయటి మొక్క వేస్తే నేల తొందరగా కప్పుకుపోతుంది కదా?

కప్పుకుపోతుంది, ఆ తర్వాత దాన్ని తీయలేక అవస్థ పడతారు. అమెరికాలో బొగ్గు గని నేలల మీద తూర్పు ఆసియాకు చెందిన ఆటమ్ ఆలివ్ అనే పొదను కావాలనే నాటారు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కలకు పనికొచ్చేలా మారుస్తుంది, చెత్త నేలలో కూడా పెరుగుతుంది, పండ్లు కాస్తుంది. కాగితం మీద అన్నీ మంచి లక్షణాలే. ఆ పండ్లను పిట్టలు తిని గింజలను ఊళ్లకు, అడవులకు మోశాయి. ఇప్పుడు అక్కడ దాన్ని కలుపు మొక్కగా లెక్కించి కొట్టి, మందు పూసి నిర్మూలిస్తున్నారు. లాంటానా, సర్కారు తుమ్మ ఎన్ని దేశాల్లో ఎలా అల్లుకుపోయాయో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పాడైన నేలలో బాగా బతకడం, అడ్డూ అదుపూ లేకుండా వ్యాపించడం తరచుగా ఒకే మొక్కలో కలిసి ఉంటాయి.

మట్టి పరీక్షలో ఏమేం చూడాలి?

పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం), ఉప్పు, సోడియం, రాతి శాతం, మట్టి ఎంత బిగిసిందన్నది. పోషకాల సంగతి ఆ తర్వాత. పీహెచ్ 5 కంటే కిందికి దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొనలను మాడుస్తుంది. ఉప్పు కొలత, అంటే ఈసీ, మీటరుకు 4 డెసిసీమెన్స్ దాటితే ఆ నేలను చౌడుగా లెక్కిస్తారు. అక్కడ చౌడును తట్టుకునే పొదలు తప్ప మిగతావి ముక్కుతూ మూలుగుతూ బతుకుతాయి.

అయితే చాలామంది మోసపోయేది పైరైట్ దగ్గర. ఇది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. భూమి లోపల ఉన్నంతకాలం కదలదు. పైకి వచ్చి గాలి, నీరు తగిలాక నెమ్మదిగా గంధకామ్లంగా మారుతుంది, బాక్టీరియా దాన్ని ఇంకా వేగం చేస్తుంది. దిబ్బ వేసిన ఏడాది పరీక్ష చేస్తే పీహెచ్ 7 చూపిస్తుంది. అందరూ సంతోషిస్తారు. రెండో ఏడు, మూడో ఏడు వచ్చేసరికి అది 3కి పడిపోయి, వేసిన పొదలు మచ్చలు మచ్చలుగా చచ్చిపోతాయి. అందుకే ఈరోజు పీహెచ్ ఎంత అని మాత్రమే అడగకండి, ఈ రాయి ఇకముందు ఎంత ఆమ్లం పుట్టించగలదు, అందులో దాన్ని విరిచే సున్నం ఎంత ఉంది అని లెక్క తీయించండి. పైరైట్ రూపంలో గంధకం 1 శాతం ఉంటే, ప్రతి 1000 టన్నుల రాతికి 31.25 టన్నుల స్వచ్ఛమైన సున్నపురాయి కావాలని ఆ లెక్క చెబుతుంది. అంత సున్నం వేయలేమనుకుంటే ఆ రాతిని లోతున పాతి, పైన మంచి పదార్థం కప్పడమే దారి. ఆ నిర్ణయం దిబ్బ పోసేటప్పుడే జరగాలి, మొక్కలు నాటేవాళ్లు వచ్చాక చేతిలో ఉండదు.

నమూనా ఒక్కచోట తీయకండి. దిబ్బ అంటే లారీ లారీకీ మారిపోయే నేల.

పైమట్టిని ఎంతకాలం కుప్పగా ఉంచొచ్చు?

ఉంచకుండా ఉండగలిగితే అంతకంటే మంచిది లేదు. ఇటు ఒక చోట గీకి, అటు అప్పుడే పూడ్చిన చోట అదే కాలంలో పరచడం అన్నిటికంటే మేలు. పశ్చిమ ఆస్ట్రేలియాలో జర్రా అనే యూకలిప్టస్ జాతి చెట్ల అడవుల్లో, అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ తవ్వేచోట ఈ పద్ధతిని ఏళ్ల తరబడి పాటించారు. అక్కడ తేలిన విషయం మొత్తం ఈ పనికే కీలకం: నేలలో నిల్వ ఉన్న గింజల్లో అత్యధిక భాగం పైన 5 సెంటీమీటర్లలోనే ఉంటాయి. డోజర్ ఒక్కసారిగా అర మీటరు గీకి కుప్ప పోస్తే ఆ గింజలన్నీ లోతు మట్టిలో కలిసి మొలకెత్తలేని లోతుకు పోతాయి. మొదట పై పొరను పల్చగా గీకి విడిగా ఉంచాలి, దాని కింది మట్టిని వేరే కుప్పగా ఉంచాలి. పరిచేటప్పుడు అదే వరస తిప్పాలి.

కుప్ప వేయక తప్పకపోతే రెండు మూడు మీటర్ల ఎత్తు మించనివ్వకండి. లోపలికి గాలి ఆడదు. గింజలు ముక్కిపోతాయి, శిలీంధ్రాలు చస్తాయి, నెల నెలకూ ఆ మట్టి విలువ తగ్గుతుంది. కుప్ప మీద ఏదో ఒక స్థానిక మొక్క పెరుగుతూ ఉండాలి, వేర్లు ఉంటే లోపలి ప్రాణులకు ఆధారం దొరుకుతుంది. తడిగా ఉన్నప్పుడు మాత్రం పైమట్టిని కదిలించొద్దు. తడి మట్టి మీద యంత్రం ఒక్కసారి నడిచినా ఇటుకలా బిగుస్తుంది.

పరిచే మందం అంతటా ఒకేలా ఉండాలని పట్టుబట్టకండి. మందంగా పరిచిన చోట గడ్డి బలుస్తుంది. పల్చగా పరిచిన చోట గడ్డి జోరు తగ్గి పొదలకు సందు దొరుకుతుంది. ఎక్కువ తక్కువలు ఉంటే రకరకాల మొక్కలు వస్తాయి.

మాకు పైమట్టి అసలు మిగల్లేదు. ఏం చేయాలి?

ఉన్న రాతిలో మేలైనదాన్ని ఏరండి. అమెరికాలో అపలాచియా బొగ్గు ప్రాంతంలో, భూమి పైభాగాన గాలికి వానకు నలిగి గోధుమరంగుకు మారిన ఇసుకరాయి, లోతు నుంచి వచ్చిన బూడిదరంగు ఇసుకరాయి కంటే మొక్కలకు బాగా పనికొచ్చింది. లోతు రాయి పీహెచ్ ఎక్కువగా ఉండటం, మెత్తటి మట్టి తక్కువగా ఉండటం దానికి కారణాలు. ఇలాంటి నలిగిన రాతికి కంపోస్టు కలిపి, చెట్టు కొమ్మలు, మోడులు పరిచి మొదలుపెట్టొచ్చు. తొలి ఏళ్లలో జాతుల సంఖ్య మీద ఆశ తగ్గించుకోండి. తట్టుకునే మూడు నాలుగు పొదలను నిలబెడితే, అవి మిగతావాటికి చోటు చేస్తాయి.

నారు బాగుంది, నీళ్లు పోశాం, రెండో ఎండాకాలంలో చచ్చిపోయింది. ఎందుకు?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను గడ్డపార తీసుకుని వెళ్లి చచ్చిన మొక్కను తవ్వుతాను. ఒకసారి అలా తవ్విన మొక్క ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. నాటి ఏడాదిన్నర అయింది. వేరు ముద్ద ఇంకా పాలిథిన్ సంచి ఆకారంలోనే ఉంది, ఒక్క వేరు కూడా గుంత దాటి పక్కకు పోలేదు. గుంత గోడను వేలితో తడిమితే కుండ లోపలిలా నున్నగా తగిలింది. బిగిసిన నేలలో యంత్రంతో తొలిచినప్పుడు గోడలు అలా మెరుగుపెట్టినట్టు అవుతాయి. వేర్లు ఆ గోడ దాకా వచ్చి, దారి లేక చుట్టూ తిరిగి, ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఆగిపోయాయి. వానాకాలంలో ఆ గుంతలో నీళ్లు నిలిచి వేర్లకు ఊపిరి ఆడలేదు, ఎండాకాలంలో ఆ గుంతలోని తడి పది రోజులకే అయిపోయింది. మేం మొక్కను నేలలో నాటామనుకున్నాం. నిజానికి కుండీలో పెట్టి వదిలేశాం.

వదులుగా ఉన్న మంచి మట్టి ఘనసెంటీమీటరుకు 1.1 నుంచి 1.4 గ్రాములు తూగుతుంది. 1.6 దాటితే చాలా నేలల్లో వేరు ముందుకు పోవడానికి కష్టపడుతుంది, బంకమట్టిలో అంతకు ముందే ఆగిపోతుంది. యంత్రాలు తిరిగిన దిబ్బ నేల 1.8 దాకా కూడా బిగుస్తుంది.

ఇది పెద్ద ఎత్తున జరిగిన తప్పు. అమెరికాలో 1977లో ఉపరితల గనుల నియంత్రణ, పునరుద్ధరణ చట్టం వచ్చింది. అంతకుముందు ఇష్టం వచ్చినట్టు వదిలేసిన దిబ్బలను వాలు సరిచేసి, స్థిరంగా, నున్నగా తీర్చిదిద్దాలన్నారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ నున్నదనం కోసం డోజర్లు మళ్లీ మళ్లీ తిరిగి నేలను బిగించాయి, దానిమీద దట్టంగా గడ్డి వేశారు, చెట్టూ పొదా లేవలేకపోయాయి. ఆ అనుభవం నుంచే 2004లో అపలాచియన్ ప్రాంతీయ అటవీ పునరుద్ధరణ కార్యక్రమం మొదలైంది. అది చెప్పే మొదటి రెండు సూత్రాలు ఇవి: వేర్లకు పనికొచ్చే పదార్థం కనీసం 4 అడుగుల లోతు ఉండాలి, పై పొరను వీలైనంత వదులుగా వదిలేయాలి.

కాబట్టి పరిచాక డోజర్‌ను వీలైనన్ని తక్కువసార్లు తిప్పండి. ఇప్పటికే బిగిసిపోయి ఉంటే, నేల పొడిగా ఉన్నప్పుడు, వాలుకు అడ్డంగా లోతు రిప్పర్ (నేలను లోతుగా చీల్చే కత్తి ఉన్న యంత్రం) వేయించండి. తడి నేలలో రిప్పర్ వేస్తే పెళ్లలు పగలవు, కత్తి పోయిన గాడి మాత్రమే పడుతుంది. పని అయ్యాక నేల గుంతలు మిట్టలుగా, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు పని సగంలో ఆపారా అని అడగొచ్చు. అలాగే ఉండాలి. ఆ గుంతల్లోనే నీరు ఇంకుతుంది, గింజ ఆగుతుంది.

ముందు గడ్డి వేసి నేలను పచ్చగా చేసి, తర్వాత పొదలు నాటొచ్చా?

నాకు బాగా బాధ కలిగించే అలవాటు ఇదే. వేగంగా ఎదిగే గడ్డి గింజను మోతాదుకు మించి చల్లుతారు, మొదటి ఏడాదికే ఫొటోకు పచ్చగా వస్తుంది. ఆ గడ్డి వేర్లు పై అడుగు మట్టిలో ఉన్న నీటిని మొత్తం లాగేస్తాయి. పొద మొలక మొదటి ఏడు కింద వేరు పెంచుకుంటుంది, పైకి బెత్తెడు కూడా లేవదు. దానికి నీడ పడుతుంది, నీరు దొరకదు. గడ్డిలో దాగిన ఎలుకలు దాని బెరడు కొరుకుతాయి.

కోత ఆపడానికి కొంత గడ్డి అవసరం. స్థానికంగా ఉండే, గుంపుగా పెరిగి మధ్యలో ఖాళీ వదిలే గడ్డి రకాలను పల్చగా చల్లండి. పొదల కోసం కొన్ని పట్టీలను గడ్డి లేకుండా పూర్తిగా వదిలేయండి. ఏటవాలు తక్కువ ఉన్నచోట ఎండుకొమ్మలు, రాళ్లే కోతను చాలావరకు ఆపుతాయి.

గింజ చల్లాలా, నారు నాటాలా?

రెండూ చేయాలి, ఏ మొక్కకు ఏది అన్నది తెలిసి చేయాలి. గింజ విరివిగా దొరికి, సులభంగా మొలిచే పొదలను చల్లండి, అవి పుట్టిన చోటే వేరు దించుతాయి కాబట్టి బలంగా ఉంటాయి. గింజ అరుదుగా కాసేవి, మొలకెత్తడం కష్టమైనవి నర్సరీలో పెంచండి. జర్రా అడవుల్లో కొన్ని మొక్కలు గింజతో రానే రావు. వాటిని కొమ్మ కత్తిరింపులతో, కణజాల వర్ధనంతో (టిష్యూ కల్చర్) పెంచి నాటాల్సి వచ్చింది.

నారు పొడుగ్గా ఉండాలని చూడొద్దు. పైన జానెడు ఉండి కింద తిన్నగా, లోతుగా వేరు ఉన్నదే మంచి నారు. నాటే ముందు కొన్ని వారాలు నీడ తీసేసి, నీరు తగ్గించి గట్టిపరచండి.

గింజలు చల్లాం, మొలవలేదు. గింజ చెడ్డదా?

చెడ్డది కావొచ్చు. నిద్రలో ఉన్నది కావొచ్చు. మీరు మరీ లోతుగా వేసి ఉండొచ్చు. చాలాసార్లు మూడోదే.

అమెరికా పశ్చిమ మైదానాల్లో ముఖ్యమైన పొద సేజ్‌బ్రష్. దాని గింజలు కిలోకు సుమారు 40 లక్షలు. అంత చిన్న గింజలో ఉన్న తిండి కొన్ని మిల్లీమీటర్ల మట్టిని తోసుకుని రావడానికి కూడా చాలదు. దాన్ని నేల మీద చల్లి, రోలర్‌తో అదిమితే చాలు. ఇలాంటి నలుసు గింజలతో మాకూ ఒక అనుభవం ఉంది. యంత్రంతో చాళ్లలో వేశాం. చాళ్లలో ఒక్కటి మొలవలేదు. తొట్టి నింపేటప్పుడు కొన్ని గింజలు నేల మీద ఒలికిపోయాయి, వాటి మీదుగా ట్రాక్టర్ వెళ్లింది. ఆ టైరు అచ్చు పొడవునా, అచ్చులోని గాట్లతో సహా, మొలకలు వచ్చాయి. లోతు ఎంతన్నది నాకు ఆ టైరు అచ్చే నేర్పింది. మామూలు గింజలకైతే గింజ మందానికి రెండు మూడింతల లోతు మించకూడదు.

నిద్ర సంగతి జాతిని బట్టి మారుతుంది. తంగేడు లాంటి చిక్కుడు కుటుంబపు గింజలకు పెంకు గట్టిగా ఉండి నీరు లోపలికి పోదు, వాటిని గరుకు కాగితంతో రుద్దాలి, లేదా మరిగించి దించిన నీళ్లు పోసి, అవి చల్లారేదాకా నానబెట్టాలి. రేగు గింజకు పైనున్న రాయిలాంటి పెంకు పగలాలి. చలి దేశాల పొదల్లో చాలావాటికి కొన్ని వారాల తడి చలి తగలాలి, అందుకే వాటిని శీతాకాలానికి ముందే చల్లేస్తారు. ఇంకొన్నిటికి పొగ కావాలి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2004లో పొగలో గింజను లేపే పదార్థం ఏదో కనిపెట్టారు. ఆ కుటుంబపు పదార్థాలకు కారికిన్లు అని పేరు పెట్టారు, అక్కడి మూలవాసుల నూంగార్ భాషలో పొగను సూచించే మాట నుంచి ఆ పేరు వచ్చింది. కార్చిచ్చు తర్వాత మొలిచే పొదల గింజలకు పొగనీళ్లు పట్టించి చల్లడం ఇప్పుడు మామూలు పద్ధతే.

కొన్న గింజల బస్తాను ఎలా లెక్కించాలి?

బస్తా బరువును కాదు, అందులోని బతికిన గింజను లెక్కించండి. శుభ్రత 60 శాతం, మొలక శాతం 50 అయితే నికరంగా మిగిలేది 30 శాతం. అంటే 10 కిలోల బస్తాలో 3 కిలోలే గింజ, మిగతాది పొట్టు, పుల్ల, తాలు. పొదల గింజల్లో తాలు ఎక్కువ కాబట్టి కొన్నిటిని కోసి చూడండి, లోపల తెల్లటి పప్పు కనపడాలి.

మీరే ఏరుకుంటే కనీసం 50 మొక్కల నుంచి ఏరండి. ఆ గుంపులో పండినదాంట్లో ఐదో వంతుకు మించి తీసుకోకండి, మిగతాది ఆ చోటుకే చెందాలి. సేజ్‌బ్రష్ లాంటి గింజలు మామూలు గోదాములో రెండు మూడేళ్లకే చచ్చిపోతాయి, ఏరిన ఏడాదే వాడేయండి.

ఎరువు వేయాలా? వేరు శిలీంధ్రం పొడి కొనాలా?

ఎరువు విషయంలో చేయి బిగబట్టండి. నత్రజని ఎక్కువ వేస్తే ముందు కలుపు తాగుతుంది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో పెరిగే ప్రోటియా కుటుంబపు పొదలైతే మామూలు మోతాదు భాస్వరానికే విషం ఎక్కినట్టు ఆకులు మాడి చస్తాయి. యుగాలుగా పేద నేలలో బతికిన వేర్లు అవి, దొరికినదాన్ని వద్దనడం వాటికి తెలియదు. నత్రజని కావాలంటే దాన్ని తయారు చేసుకునే స్థానిక పొదలనే కొన్ని కలపండి. చిక్కుడు కుటుంబానివే కానక్కర్లేదు, ఫ్రాంకియా అనే సూక్ష్మజీవితో పొత్తు పెట్టుకునే పొదలు కూడా ఉన్నాయి.

వేరు శిలీంధ్రం, అంటే మైకోరైజా, ఈ పేరును జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ ఫ్రాంక్ 1885లో పెట్టాడు. నేల మీద మొక్కల్లో మూడింట రెండు వంతులకు పైగా దీనితో బతుకుతాయి. వేరు వెళ్లలేని సందుల్లోకి శిలీంధ్రపు దారం వెళ్లి నీరు, భాస్వరం తెచ్చిపెడుతుంది. పొడి కొనే ముందు ఒక పని చేయండి: అవే పొదలు ఆరోగ్యంగా పెరుగుతున్న చోట, కలుపు లేని మట్టి కొద్దిగా తెచ్చి నర్సరీ మిశ్రమంలో కలపండి. ఆ నేలకు అలవాటు పడిన శిలీంధ్రాలు అందులోనే ఉంటాయి. చౌడులో పెరిగే సాల్ట్‌బుష్ కుటుంబంలో చాలావాటికి ఈ పొత్తు పెద్దగా అక్కర్లేదు. ప్రాణం లేని నేలలోకి అవి ముందుగా రాగలగడానికి అదొక కారణం.

ఎంతకాలం నీళ్లు పోయాలి?

నాటిన రోజు బాగా, మొదటి ఎండాకాలంలో చాలా రోజులకొకసారి లోతుగా. అంతే. రోజూ కాసిన్ని పోస్తే వేరు పైనే తిరుగుతుంది, పోయడం మానేసిన నెలకు మొక్క పోతుంది. మొక్కకు పల్లం వైపు అర్ధచంద్రాకారంలో చిన్న గట్టు వేస్తే వాననీరే దాని దగ్గరికి వస్తుంది.

వరుసల్లో నాటాలా?

వద్దు. గుంపులుగా నాటండి: ఇక్కడ పాతిక, అక్కడ నలభై, మధ్యలో ఖాళీ. వెయ్యి మొక్కలను పొలమంతా పల్చగా పంచితే ఏ ఒక్కటీ ఇంకోదానికి గాలి అడ్డు కాదు. గుంపుగా ఉంటే ఒకదాని నీడ ఒకదానికి పడుతుంది, పిట్టలకు దిగే చోటు దొరుకుతుంది, గుంపు అంచు నుంచి బయటికి పాకుతుంది.

పొదలు వేస్తే దిబ్బ జారకుండా ఆగుతుందా?

పై మీటరు, మహా అయితే రెండు మీటర్ల మట్టిని వేర్లు పట్టుకుంటాయి. వానకు గాళ్లు పడటం, పైపొర జారడం తగ్గుతుంది. లోతు నుంచి దిబ్బ కదిలితే ఏ వేరూ ఆపలేదు. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు దిబ్బ జారి పాఠశాల మీద, ఇళ్ల మీద పడి 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. ఆ దిబ్బను నీటి ఊటల మీద పోశారు. వాలు కోణం, లోపలి నీరు, మురుగు కాలువలు ఇంజనీర్లు చూసి సరే అన్నాకే మొక్కల పని మొదలవ్వాలి. పచ్చగా ఉంది కదా అని దిబ్బ కింద ఎవరినీ ఉండనివ్వకండి.

మేకలు, జింకలు, కుందేళ్లు తినేస్తున్నాయి.

మొదటి రెండు మూడేళ్లు కంచె తప్పదు. పెద్ద చోటైతే మొత్తం కట్టలేరు కాబట్టి గుంపుల చుట్టూ కట్టండి. ముళ్లకంప కూడా పనిచేస్తుంది.

అక్కడ కాసిన పండ్లు తినొచ్చా, ఆకు పశువులకు వేయొచ్చా?

పరీక్ష చేయించకుండా వద్దు. సీసం, జింకు, రాగి తవ్విన చోట లోహాలు మొక్కలోకి ఎక్కవచ్చు, ఆకుకు అంటిన దుమ్ములో కూడా ఉంటాయి. కొన్ని సాల్ట్‌బుష్ జాతులు నేలలో సెలీనియం ఉంటే దాన్ని ఆకుల్లోకి చేర్చుకుంటాయి, అది మేసిన పశువుకు విషం. మొక్క ఆరోగ్యంగా కనపడటం ఇక్కడ ఏ భరోసా కాదు.

విజయవంతమైందని ఎప్పుడు, ఎలా తెలుస్తుంది?

మొదటి ఏడాది లెక్కకు విలువ ఇవ్వకండి. రెండో ఎండాకాలం దాటాక మిగిలినవాటిని లెక్కించండి. ప్రతిసారీ అవే చోట్లలో, ముందే గుర్తు పెట్టుకున్న చదరాల్లో లెక్కించాలి, బాగున్న చోటును ఏరుకుని కాదు. అమెరికా చట్టం పునరుద్ధరించిన నేలకు కంపెనీ బాధ్యత కనీసం 5 ఏళ్లు ఉండాలంటుంది, ఏడాదికి 26 అంగుళాలు, అంతకు తక్కువ వాన పడేచోట 10 ఏళ్లు. వయోమింగ్ రాష్ట్రం 1996లో ఇంకాస్త నిర్దిష్టంగా నియమం పెట్టింది: నిర్ణీత నేలలో 20 శాతం మీద చదరపు మీటరుకు ఒక పొద చొప్పున ఉండాలి. నా దృష్టిలో పొడి నేలకు 10 ఏళ్లు కూడా తక్కువే.

సంఖ్య కంటే నేను ముందు చూసేది ఒకటుంది. నాలుగైదేళ్ల పొద దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కింది కొమ్మలు పక్కకు తీసి, రాలిన ఆకును వేళ్లతో జరుపుతాను. కింద మట్టి ముదురు రంగులో, చల్లగా, చిన్న ఉండలుగా విడిపోతూ ఉండాలి. తెల్లటి సన్నటి దారాలు ఆకుల మధ్య కనపడాలి. ఒక మూల రెండాకుల మొలక ఉండాలి, మేం చల్లనిది, మా జాబితాలో లేనిది. మొన్న ఒక గుంపులో అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. అందులో మూడు పక్కనున్న అడవి అంచు నుంచి పిట్టలు తెచ్చిన రేగు మొక్కలు.